స్పామ్ ఫిల్టర్ ఆగిపోయినప్పుడు స్క్రిప్ట్ ఏం చేయాలి?

ప్రశ్న:
మా సహాయ విభాగానికి వచ్చే మెయిళ్లను పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్) ఒక పైథాన్ స్క్రిప్ట్‌కు అందిస్తుంది. ఆ స్క్రిప్ట్ ప్రతి మెయిల్‌నూ స్పామ్‌అసాసిన్ అనే స్పామ్ ఫిల్టర్‌లోని స్పామ్‌సీ ప్రోగ్రామ్‌తో, మైనస్ సీ ఆప్షన్ పెట్టి పరీక్షిస్తుంది. ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు తన ఫలితంగా ఇచ్చే సంఖ్య) 1 వస్తే స్పామ్‌గా పక్కన పెడుతుంది, 0 వస్తే టికెట్ (ఫిర్యాదు నమోదు) తెరిచి ‘మీ ఫిర్యాదు అందింది’ అని పంపినవారికి జవాబిస్తుంది. మొన్న రాత్రి సర్వర్‌లో మెమరీ చాలక, స్పామ్‌సీ అడిగితే అసలు పరీక్ష చేసే స్పామ్‌డీ ఆగిపోయింది, తెల్లవారేసరికి లాటరీ మెయిళ్లన్నిటికీ టికెట్లు తయారై ఉన్నాయి. స్క్రిప్ట్ లాగ్‌లో మాత్రం ఒక్క ఎర్రర్ కూడా లేదు. ఈ వైఫల్యాన్ని ఎలా పసిగట్టాలో తెలియజేయగలరు.

మొదటి జవాబు:
స్పామ్‌సీని రాసిన తీరే అది. స్పామ్‌డీ అందకపోతే మెయిల్ పోగొట్టకూడదన్న ఉద్దేశంతో అది 0 తోనే ముగుస్తుంది కాబట్టి, మీ స్క్రిప్ట్ దృష్టిలో ‘మంచి మెయిల్’కూ ‘అసలు పరీక్షే జరగలేదు’ అన్నదానికీ తేడా ఉండదు. మైనస్ సీ వాడినప్పుడు అది స్కోరును కూడా ముద్రిస్తుంది. ఎర్రర్ వస్తే అక్కడ 0/0 కనిపిస్తుంది. అంతకంటే నమ్మకమైన దారి మైనస్ ఎక్స్ ఆప్షన్. అది పెడితే స్పామ్‌డీతో మాట్లాడలేకపోయినప్పుడు 69, 74 వంటి కోడ్‌లు వస్తాయి. అప్పుడు మీ స్క్రిప్ట్ 75 తో ముగిస్తే, పోస్ట్‌ఫిక్స్ దాన్ని తాత్కాలిక వైఫల్యంగా గుర్తించి మెయిల్‌ను క్యూలో ఉంచి మళ్లీ ప్రయత్నిస్తుంది. పట్టుకోని ఎక్సెప్షన్‌తో (ఎర్రర్‌తో) పైథాన్ ఆగిపోతే ఎగ్జిట్ కోడ్ 1 అవుతుంది, అప్పుడు పోస్ట్‌ఫిక్స్ మెయిల్‌ను నేరుగా తిప్పి పంపేస్తుంది. అందువల్ల మొత్తం పనిని ఎర్రర్లను పట్టుకునే ట్రై బ్లాక్‌లో ఉంచి, ఊహించని ఏ ఎర్రర్‌కైనా 75 ఇవ్వడం మంచిది.

రెండవ జవాబు:
పై సలహా సరైనదే గానీ, అన్ని వైఫల్యాలకూ 75 ఇవ్వడాన్ని నేను ఒప్పుకోను. స్పామ్‌సీ మామూలుగా 500 కేబీ దాటిన మెయిల్‌ను పరీక్షించదు. అలాంటి మెయిల్‌ను క్యూలో ఉంచితే ఎన్నిసార్లు ప్రయత్నించినా దాని పరిమాణం తగ్గదు, పోస్ట్‌ఫిక్స్ సహజ గడువైన 5 రోజులు గడిచాక పాపం ఫొటోలు జత చేసి పంపిన వినియోగదారుడికే తిరిగి వెళ్తుంది. కనుక మెయిల్ ఆ పరిమాణం దాటితే టికెట్ తెరవండి, స్వయంచాలక జవాబు మాత్రం ఆపండి. అసలు పరీక్ష జరగని ఏ మెయిల్‌కూ జవాబు వెళ్లకూడదు. స్పామ్‌లో పంపినవారి చిరునామా చాలావరకు దొంగదే కాబట్టి, మీ జవాబులు సంబంధం లేనివారికి చేరి, చివరికి మీ సర్వర్ పేరే బ్లాక్‌లిస్టులకు (స్పామ్ పంపే సర్వర్ల జాబితాలకు) ఎక్కుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మైనస్ సీ బదులు, మెయిల్‌లో ఎక్స్-స్పామ్-స్టేటస్ హెడర్ (స్పామ్ అవునో కాదో ఫిల్టర్ మెయిల్ పైభాగంలో రాసే వరుస) ఉందో లేదో చూస్తే సరిపోదా?

మూడవ జవాబు:
ఒంటరిగా సరిపోదు. ఫిల్టర్ పని చేస్తున్నప్పుడు బయటి నుంచి వచ్చిన ఎక్స్-స్పామ్ హెడర్లను అదే తీసేస్తుంది, అది పడిపోయినప్పుడు స్పామర్ పెట్టిన ‘నో’ (స్పామ్ కాదు) అలాగే మిగులుతుంది. హెడర్‌నే చూడదలిస్తే, ఫిల్టర్‌కు ఇచ్చే ముందే స్క్రిప్ట్ వాటిని తొలగించాలి. దానితోపాటు, జీట్యూబ్ అనే పరీక్షా వాక్యమున్న మెయిల్‌ను క్రాన్ (నిర్ణీత సమయాలకు పనులు నడిపే సాధనం) ద్వారా ప్రతి 5 నిమిషాలకూ స్పామ్‌సీ మైనస్ సీకి ఇవ్వండి. దానికి స్పామ్‌అసాసిన్ 1000 పాయింట్లు వేస్తుంది కాబట్టి, ఎగ్జిట్ కోడ్ 1 రాలేదంటే ఫిల్టర్ పడిపోయినట్టే. వెంటనే ఎస్ఎమ్ఎస్ వెళ్లేలా చూసుకోండి. ఆ హెచ్చరికను అదే మెయిల్ సర్వర్ గుండా మాత్రం పంపకండి.