సమస్య: "మంచుగడ్డయె పానము మరుగఁ జేసె" – పూరణలు, సమీక్షలు

నిర్వాహకుడు (నల్లగొండ):

మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఒక తేటగీతి పాదం. అసంభవంగా తోచే ఈ పాదాన్ని చివర నిలిపి, ముందు మూడు పాదాలు వ్రాసి అర్థం కుదర్చడమే పూరణ.

మంచుగడ్డయె పానము మరుగఁ జేసె

వస్తువు ఇంట్లో చేసుకొనే కాక్‌టెయిల్. పెద్ద హోటళ్ళలో సన్నని కాడ గల గాజుపాత్రలో పోసి, అంచున నిమ్మతొక్క చుట్టి అందించే పానీయాన్ని నల్లగొండలోనో పాలమూరులోనో మన వంటింట్లో అంతే దర్జాగా చేయగలమా అని కొందరు మిత్రులు అడిగారు. తప్పక చేయగలమని నా సమాధానం. ఆ దర్జా ఖరీదైన సీసాలో కంటే మంచులో ఎక్కువగా ఉన్నదని నేను గట్టిగా నమ్ముతాను కనుకనే మంచును సమస్యలోకి తెచ్చాను. 1806లో అమెరికాలోని హడ్సన్ పట్టణపు పత్రిక ఒకటి కాక్‌టెయిల్ అంటే మద్యం, చక్కెర, నీరు, చేదు సారం కలిసిన పానీయమని నిర్వచించింది. నీటిని అందులో ఒక దినుసుగా లెక్కించారు. ఈనాడు ఆ నీటిని ఇచ్చేది కరిగే మంచే. అదే సంవత్సరం ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వర్తకుడు బోస్టన్ నుండి మార్టినిక్ దీవికి ఓడలో మంచు పంపాడు. 1833లో ఆ వ్యాపారం కలకత్తా దాకా వచ్చింది.

పూరణలో యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ నియమిత స్థానంలోని అక్షరంతో కుదిరే పొత్తు) తప్పరాదు, పానీయాన్ని గురించి చెప్పిన మాట కూడా తప్పరాదు. తెలంగాణలో మద్యానికి చట్టం పెట్టిన వయస్సు 21 ఏళ్ళు కాబట్టి, మద్యం లేని పానీయాలపై వచ్చే పూరణలను కూడా అంతే ఆదరంతో స్వీకరిస్తాను.

మిర్యాలగూడ సభ్యుని పూరణ:

నల్లగొండ బత్తాయిదౌ నవ్యరసము
జిన్నుతోఁ జేరి సోడాను జెలిమిఁ గూడ
పైకి వేవేల బుడగలు పరుగులెత్త
మంచుగడ్డయె పానము మరుగఁ జేసె

సమీక్ష: మన జిల్లా పండుతో ఆరంభించడం ఎంతో సంతోషం కలిగించింది. మీరు మొదట పంపిన ప్రతిలో మూడవ పాదం "పైకి వేవేల బుడగలు పొంగిరాఁగ" అని ఉండినది; అక్కడ 'పై'కి 'పొ'తో హల్లు కలిసినా అచ్చు కలువదు. "పరుగులెత్త" అని మార్చడంతో యతి సరిపోయింది, చిత్రం కూడా మెరుగైంది. భావం శాస్త్రానికి సరిగ్గా నిలుస్తుంది. సోడాలో కరిగి ఉన్న వాయువు గరుకైన మంచు ఉపరితలం దొరకగానే అక్కడ బుడగలుగా విడివడుతుంది కనుక, మంచు వేసిన క్షణంలో గ్లాసు నిజంగానే మరిగినట్లు కనిపిస్తుంది. ఆ గాఢమైన బుడగలు గ్లాసులోనే నిలవాలంటే సోడాను, గ్లాసును కూడా ముందే ఫ్రిజ్‌లో చల్లబరచి, సోడాను చివరలో, గ్లాసు వాలుగా పట్టి పోయాలి.

ఒక మాట "నవ్యరసము" గురించి. ఆ విశేషణం ఇక్కడ పాదం నింపడానికి వచ్చింది కాదు. బత్తాయి రసం నిలువ ఉంటే చేదెక్కుతుంది. పిండిన వెంటనే వాడాలి. బత్తాయిలో పులుపు తక్కువ కనుక 45 మిల్లీలీటర్ల జిన్నుకు (జిన్ను ఒక రకం మద్యం) 60 మిల్లీలీటర్ల బత్తాయి రసం పోసినప్పుడు 15 మిల్లీలీటర్ల నిమ్మరసం తోడుగా పోయకపోతే పానీయం చప్పగా, తీపిగా మిగిలిపోతుంది.

జడ్చర్ల సభ్యుని పూరణ:

పొగలఁ జిమ్మెడి పొడిమంచు పొందు కతన
గాజుగిన్నెలఁ దెలిపొగ గప్పుకొనఁగ
విందుకేతెంచి చుట్టాలు వింతపడిరి:
"మంచుగడ్డయె పానము మరుగఁ జేసె!"

సమీక్ష: నాలుగు పాదాలూ నిర్దోషం. సమస్యను చుట్టాల నోట ఆశ్చర్యవాక్యంగా పలికించడం పాత పద్ధతే అయినా ఇక్కడ చక్కగా అతికింది.

వనపర్తి సభ్యుని ప్రశ్న: పొడిమంచును మంచుగడ్డ అనవచ్చునా? అందులో నీరు లేదు గదా!

నిర్వాహకుడు: కవిత్వంలో అనవచ్చును. పొడిమంచు ఘనరూపంలో ఉన్న కార్బన్ డయాక్సైడ్. సున్నాకు 78 డిగ్రీల దిగువన ఉండి, కరగకుండా నేరుగా వాయువుగా మారిపోతుంది. పానీయంలో పడినప్పుడు ఆ వాయువు కళపెళ పైకి రావడం వలన "మరుగఁ జేసె" అన్న మాట ఈ పూరణలోనే అన్నిటికంటే అక్షరాలా నిజమైంది. అయితే ఇంట్లో దీనిని వాడేవారికి ఒక హెచ్చరిక చేయడం నా బాధ్యత. పొడిమంచును చేతితో ముట్టరాదు. మూత బిగించిన షేకరులో (పానీయాన్ని కుదిపి కలిపే పాత్రలో) వేయరాదు, ఎందుకంటే వాయువు ఒత్తిడికి అది పేలవచ్చును. తలుపులు మూసిన గదిలో ఎక్కువగా వాడరాదు. అన్నిటికంటే ముఖ్యంగా, ముక్క పూర్తిగా మాయమయ్యే వరకు ఎవరూ గ్లాసును పెదవికి తాకించరాదు. ముక్క గొంతులోకి పోతే లోపల కాలిన గాయమే అవుతుంది. పిల్లలు తిరిగే విందులో దీని జోలికి పోకపోవడమే మేలని నా అభిప్రాయం.

గద్వాల సోదరి పూరణ:

షేకరునఁ జల్వ నింపుచుఁ జెదరునెద్ది?
చుట్టములు విందులో నేది చూతురయ్య?
ఏమి చేసెను జక్కెర నింతి నీట?
మంచుగడ్డయె, పానము, మరుగఁ జేసె

సమీక్ష: అమ్మా, సంస్థానాల కాలం నుండి విద్వద్గద్వాల అని పేరు పొందిన ఊరికి తగిన పూరణ ఇది. సమస్యను మూడు ముక్కలు చేసి మూడు ప్రశ్నలకు జవాబులుగా క్రమాలంకారంలో నిలిపారు. మూడవ పాదంలో 'ఏ'కు "ఇంతి"లోని ఇకారంతో యతి కుదిరింది. 'ని' అని వినబడుతున్నా అది ద్రుతసంధి వలన (ముందు పదం చివరి నకారం తరువాతి అచ్చుతో కలియడం వలన) వచ్చిన నకారమే కనుక కొత్తవారు సందేహింపనక్కరలేదు.

వంటింటి వైపు నుండి ఒక చిన్న సవరణ. సమాన కొలతల చక్కెర, నీరు కలిపే పాకాన్ని మరిగించవలసిన పని లేదు. వేడినీటిలో చక్కెర కరగగానే పొయ్యి ఆర్పాలి. మరిగిస్తే నీరు ఆవిరై పాకం చిక్కబడి, తరువాతి గ్లాసుల కొలతలన్నీ తారుమారవుతాయి.

గద్వాల సోదరి: కృతజ్ఞతలండీ. మా ఇంట్లో సబ్జాల షర్బత్తుకు పాకం మరిగించే అలవాటు ఉండుటచేత అలా వ్రాశాను. పద్యంలో ఆ ఇంతిని అలాగే ఉంచుతాను, వంటింట్లో మాత్రం పొయ్యి ముందే ఆర్పుతాను.

సూర్యాపేట సభ్యుని పూరణ:

జిన్ను వెర్మూతుఁ గలిపియు జీవమిడక
పేలవమ్మయి యుండఁగా బింకమిచ్చి
చిలికి చల్లార్చి నాలుకఁ జేరఁదీసి
మంచుగడ్డయె పానము మరుగఁ జేసె

సమీక్ష: మరుగుటను రుచికి అలవాటు పడుటగా గ్రహించి, నాలుకకు పానాన్ని మంచు అలవాటు చేసిందన్నారు. మార్టినీ వంటి పానీయంలో మంచు చేసే పనిని ఇంత సూటిగా చెప్పిన పద్యం ఈ వారం మరొకటి రాలేదు. 60 మిల్లీలీటర్ల జిన్నులో 10 మిల్లీలీటర్ల వెర్మూత్ (ద్రాక్షసారా జాతి మద్యం) కలిపి అలాగే త్రాగితే గొంతు మండుతుంది తప్ప రుచి తెలియదు. మంచుతో అర నిమిషం త్రిప్పినప్పుడు అది సున్నాకు దిగువ దాకా చల్లబడుతుంది, గ్లాసులో చేరే పానీయంలో సుమారు అయిదవ వంతు నీరై ఘాటును విడదీస్తుంది. మంచు కరగడానికి ఒక్కొక్క గ్రాముకు 80 కెలోరీల వేడిని లాగుకుంటుంది. చల్లదనంలో అధికభాగం ఆ కరగడం వలననే వస్తుంది కనుక, నీరు చేరకుండా చల్లబరచాలనుకోవడం వృథా ప్రయాస.

అయితే "చిలికి" అన్న మాటను నేను ఒప్పుకోలేను. నిమ్మరసం, పండ్ల గుజ్జు, మీగడ ఉన్నవాటినే షేకరులో చిలకాలి. మద్యాలు మాత్రమే కలిసే మార్టినీని చిలికితే గాలి, మంచుపలుకులు చేరి మసకబారుతుంది; అద్దంలా తేటగా ఉండడంలోనే దాని సొగసంతా ఉన్నది.

సూర్యాపేట సభ్యుడు: అంగీకరిస్తున్నాను. మూడవ పాదాన్ని ఇలా మార్చాను.

తిప్పి చల్లార్చి నాలుకఁ దృప్తిపఱచి

నిర్వాహకుడు: ఇప్పుడు యతికి, మార్టినీకి కూడా న్యాయం జరిగింది. వెర్మూత్ ద్రాక్షసారా జాతికి చెందినది కనుక మూత తీసిన తరువాత ఫ్రిజ్‌లో ఉంచాలని చదువరులకు గుర్తుచేస్తున్నాను.

దేవరకొండ సభ్యుని ప్రశ్న: హోటళ్ళలో కనిపించే గాజు వంటి మంచు ఇంట్లో ఎలా వస్తుంది? మా ఫ్రిజ్‌లో ఎప్పుడూ తెల్లగానే గడ్డకడుతుంది.

నిర్వాహకుడు: ట్రేలో నీరు అన్ని వైపుల నుండి గడ్డకట్టడం వలన గాలి నడుమ చిక్కుకొని తెల్లబడుతుంది. మందమైన గోడలు గల చిన్న థర్మోకోల్ పెట్టెలో నీరు పోసి, మూత లేకుండా ఫ్రీజరులో ఉంచితే పై నుండి మాత్రమే గడ్డకడుతూ గాలిని క్రిందికి నెట్టుతుంది. అడుగు గడ్డకట్టక మునుపే తీసి, పై భాగాన్ని కోసుకోవాలి. పెద్ద ముక్క నెమ్మదిగా కరుగుతుంది. ఇక నీటి సంగతి. బోరునీటిలోని ఫ్లోరైడు తొలగించే పద్ధతికే నల్లగొండ పేరు పెట్టిన ప్రాంతం మనది. మంచుకు శుద్ధిచేసిన నీటినే వాడండి.

మునుగోడు సభ్యుని పూరణ:

తాటి నీరాను బులియించెఁ దాపమె కద
నురుగు పొంగఁగఁ గల్లుగా నూతనముగ
చల్లఁబఱచెడి దీనిపైఁ జాడి యేల?
మంచుగడ్డయె పానము మరుగఁ జేసె?

సమీక్ష: సమస్యను కాకువుతో (పలికే గొంతు మార్పుతో) ప్రశ్నగా మార్చి, మంచు మీద పడిన నిందను తొలగించారు. తెల్లవారుజామున దింపిన నీరాలో (పులియని తాటి రసంలో) చక్కెర ఉంటుంది, ఎండ పొద్దెక్కిన కొద్దీ గాలిలోని ఈస్ట్ దానిని పులియబెట్టి కల్లు చేస్తుంది. లొట్టి (చెట్టుకు కట్టే కుండ) లోపల సున్నం పూయడం, వెంటనే మంచులో పెట్టడం ఆ పులియడాన్ని ఆపడానికే. ఎంత విలువైన పూరణ! మద్యం లేని విందుకు ఇంతకంటే గొప్ప పానీయం మన నేల మీద లేదని నా విశ్వాసం: పొడవైన గ్లాసులో స్వచ్ఛమైన మంచు, దానిపై చల్లని నీరా, నాలుగు చుక్కల నిమ్మరసం, పైన లేత ముంజె ముక్క. రెండవ పాదంలోని "నూతనముగ" మాత్రం వ్యర్థపదం. దానిని మార్చగలరా?

మునుగోడు సభ్యుడు:

నురుగు పొంగఁగఁ గల్లుగా నోటి కంద

నిర్వాహకుడు: 'ను'కు 'నో'తో యతి సరిపోయింది, పాదానికి పని కూడా దొరికింది. సవరించిన రూపాన్ని స్వీకరిస్తున్నాను.