పాత సిస్టంకి సెకండ్ హ్యాండ్ ర్యామ్: ఆదానా, దండగా?

నరసన్నపేట జిరాక్స్
అందరికీ నమస్కారం. నాది జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. ఒక పాత ప్రింటరు, వేలిముద్ర మిషన్, రెండు పాత డెస్క్‌టాప్‌లున్నాయి. డెస్క్‌టాప్‌లలో ఒకటి హెచ్61 బోర్డు, మూడో జనరేషన్ ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్. రెండోది ఇంకా పాతది: జీ41 బోర్డు, కోర్ 2 డ్యుయో, 2 జీబీ. అడ్మిషన్ల సీజన్‌లో క్రోమ్‌లో నాలుగు ట్యాబులు, ఒక పీడీఎఫ్ తెరిస్తే చాలు, మౌస్ కూడా కదలదు. ఎదురుగా పిల్లలు లైన్లో నిల్చుని గొణుగుతుంటారు. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి వైపు ఒక షాపులో అడిగితే సెకండ్ హ్యాండ్ డీడీఆర్3 (పాత రకం ర్యామ్) కొత్తదాంట్లో సగం ధరకే ఇస్తామన్నారు, బిల్లు మాత్రం ఉండదట. మా బావేమో ఆ డొక్కు మీద రూపాయి కూడా పెట్టొద్దంటున్నాడు. మీరేమంటారు?

గంటస్తంభం సర్వీస్, విజయనగరం
ధైర్యంగా సెకండ్ హ్యాండే తీసుకోండి. ర్యామ్‌లో తిరిగే భాగమేదీ ఉండదు, హార్డ్ డిస్క్‌లా అరిగిపోదు. పోయేదైతే చాలావరకు మొదట్లోనే పోతుంది. ఏళ్ల తరబడి ఏదో ఆఫీసులో నడిచిన శాంసంగ్, హైనిక్స్ కంపెనీల ర్యామ్ స్టిక్ నమ్మకమైన సరుకే. నాకు భయం 'కొత్త' డీడీఆర్3 అంటేనే. పెద్ద కంపెనీలు ఎప్పుడో డీడీఆర్4, డీడీఆర్5 వైపు వెళ్లిపోయాయి. ఎప్పుడూ వినని బ్రాండ్ పేరుతో ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేవాటిలో చాలాసార్లు పాత బోర్డుల నుంచి ఊడదీసిన చిప్పులే ఉంటాయి. పైన రంగురంగుల హీట్‌సింక్ అతికిస్తారు, అంతే.

లెక్కల మాస్టారు, రాజాం
ర్యామ్ మంచిదే కావచ్చండీ, వేసేది ఎందులో? విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ లేదా ఆ తర్వాతిది, టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. మూడో జనరేషన్‌కి 16 జీబీ వేసినా ఫలితం లేదు. జనం ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు చెప్పి కొట్టించుకునే షాపు అది. అప్‌డేట్లు రాని సిస్టంలో అవి కొట్టడం మంచిది కాదు. బావగారి మాటే నా మాట.

గంటస్తంభం సర్వీస్, విజయనగరం
విండోస్ తీసేసి, దాని బదులు లినక్స్ మింట్ వేస్తే సరి కదా మాస్టారూ. అప్‌డేట్లు వస్తాయి, ఖర్చు లేదు.

లెక్కల మాస్టారు, రాజాం
ఆ వేలిముద్ర మిషన్, ఆ పాత ప్రింటరు మింట్‌లో నడుస్తాయని మీరు హామీ ఇస్తారా?

నరసన్నపేట జిరాక్స్
వేలిముద్ర మిషన్ ఫోన్‌కే తగిలిస్తున్నాను మాస్టారూ. ప్రింటరుదే టెన్షన్.

బొబ్బిలి వీణ
అసలు ర్యామే కారణమని ఎలా తేల్చారు? పాత హార్డ్ డిస్క్ అయితే దాని బదులు ఎస్ఎస్‌డీ (చిప్పులతో నడిచే వేగమైన డిస్క్) వేయండి, ప్రాణం లేచొస్తుంది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తోందంటే డిస్కే దొంగ.

గంటస్తంభం సర్వీస్, విజయనగరం
అలా తేల్చేయకూడదు వీణ గారూ. ర్యామ్ నిండిపోతే విండోస్ మిగతాదాన్ని డిస్క్ మీదకు తోస్తుంది. అప్పుడూ డిస్క్ 100 శాతమే. అందుకే షాపు రద్దీగా ఉన్నప్పుడు మెమరీ పేజీలో 'కమిటెడ్' అంకె చూడండి. ఉన్న ర్యామ్ కంటే అది బాగా ఎక్కువగా ఉంటే కరువు ర్యామ్‌కే. ట్యాబులేవీ తెరవకముందే నత్తనడక అయితే మాత్రం మీరన్నట్టు డిస్కే.

నరసన్నపేట వారికి: ముందు విండోస్ 64 బిట్టో కాదో చూసుకోండి. మామూలు 32 బిట్ విండోస్ 4 జీబీకి మించి వాడుకోలేదు. హెచ్61 బోర్డు 16 జీబీ దాకా తీసుకుంటుంది, 8 జీబీతో మీ పని జరిగిపోతుంది. పేచీ అంతా జీ41తోనే. దానికి గరిష్ఠం 8 జీబీ, ఆ పైన ఒక్కోదాంట్లో ఎక్కువ మెమరీ పట్టే కొత్తరకం చిప్పుల్ని గుర్తించదు. 4 జీబీ స్టిక్ చేతిలోకి తీసుకుని లెక్కపెట్టండి: వైపుకి ఎనిమిది చొప్పున 16 నల్ల చిప్పులుండాలి. ఒకవైపే ఎనిమిది ఉన్నదైతే బీప్ కొట్టి కూర్చుంటుంది, లేదా సగమే చూపిస్తుంది. జీ41లో డీడీఆర్2 బోర్డులూ ఉన్నాయి, వాటి గాడి వేరేచోట ఉంటుంది. దిగకపోతే బలవంతంగా నొక్కకండి. 'ఏఎండీకి మాత్రమే' అన్న చవక స్టిక్ ఉచితంగా ఇచ్చినా వద్దు, మీ రెండూ ఇంటెల్ బోర్డులే.

ఆమదాలవలస డిగ్రీ
అన్నా, నాది నాలుగో జనరేషన్ ల్యాప్‌టాప్. ఫ్రెండ్ పాత ల్యాప్‌టాప్‌లోని డీడీఆర్3 పెట్టుకోవచ్చా?

గంటస్తంభం సర్వీస్, విజయనగరం
స్టిక్కర్ చూడు తమ్ముడూ. 'పీసీ3ఎల్' అని ఉంటే సరే, అది 1.35 వోల్టులది. ఉత్త 'పీసీ3' అయితే 1.5 వోల్టులు, నీ ల్యాప్‌టాప్ ఆన్ కాకపోవచ్చు.

బొబ్బిలి వీణ
కొన్నాళ్లు ఆగితే ధర దిగదా?

లెక్కల మాస్టారు, రాజాం
ఆ ఆశ పెట్టుకోకండి. ఏఐ సర్వర్ల కోసం చిప్పులన్నీ అటు మళ్లడంతో 2025 చివర్లో ర్యామ్ రేట్లు మండిపోయాయి. క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారాన్నే మానేస్తున్నట్టు మెమరీ చిప్పుల కంపెనీ మైక్రాన్ ఆ డిసెంబర్‌లో ప్రకటించింది. కొంటే ఇప్పుడే కొనాలి, లేదా మానేయాలి. నేను మానేయమనే అంటాను, జీ41 విషయంలో మరీను. హెచ్61కి మింట్ వేసుకుని ఒక్క స్టిక్ కొంటానంటే అడ్డు చెప్పను.

పద్దుల పద్మ, విజయనగరం
మీరంతా చిప్పులు లెక్కపెడుతున్నారు గానీ, బిల్లు లేదన్న మాట ఎవరికీ పట్టలేదా? షాపు ఖర్చుగా చూపించుకోవాలంటే కాగితం కావాలి. రేపు ఆ స్టిక్ పోతే ఏ మొహం పెట్టుకుని అడుగుతారు? కాస్త ఎక్కువైనా తెలిసిన కంపెనీ కొత్తది బిల్లుతో కొనడమే నయం. మంచి కంపెనీలు ర్యామ్‌కి ఏళ్ల తరబడి వారంటీ ఇస్తాయి.

గంటస్తంభం సర్వీస్, విజయనగరం
డీడీఆర్3లో అలాంటిది మన ఊళ్లలో దొరికితే తీసుకోమనే చెబుతానమ్మా. దొరకనప్పుడే ఈ తంటా. సెకండ్ హ్యాండ్ స్టిక్ వేశాక పెన్‌డ్రైవ్‌తో మెమ్‌టెస్ట్86 (ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్) పెట్టి రాత్రంతా వదిలేయాలి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్టిక్ పనికిరాదు.

పద్దుల పద్మ, విజయనగరం
రాత్రంతా టెస్ట్ చేసి తెల్లారి వెనక్కిస్తే ఆ షాపాయన తీసుకుంటాడా?

గంటస్తంభం సర్వీస్, విజయనగరం
డబ్బులిచ్చేముందే అడగాలి. స్టిక్ నంబరు, తేదీ, 'వారంలోగా ఎర్రర్ వస్తే మారుస్తాం' అన్న ముక్క తెల్లకాగితం మీద రాయించుకుని షాపు ముద్ర వేయించుకోండి. అది కూడా రాయనంటే పక్క షాపుకి వెళ్లండి.