ఫైర్ రిపోర్టులో "షార్ట్ సర్క్యూట్" అని రాశారు. నిజంగా వైరింగేనా?

గోడపైపు:
బెడ్‌రూమ్ కాలింది. ఏసీ ప్లగ్గున్న గోడ బాగా నల్లబడింది, పక్కనే చెక్క కప్‌బోర్డు. ఏసీకి 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, డీబీలో (ఇంట్లో కరెంటు పంచే బోర్డు) 32 యాంప్స్ ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగిపోయే స్విచ్). అది ట్రిప్ అయి ఉంది. కాలిన వైరు కొసల్లో రాగి పూసలున్నాయి. ఇన్సూరెన్స్ సర్వేయర్ ఇంకా రాలేదు. వైరింగ్ వల్లే అని తేల్చాలంటే ఏం చూడాలండీ?

ఫేజ్‌టెస్టర్:
ముందు ఏదీ కదిలించకండి. మెయిన్ ఆపితే చాలదు, ఇన్వర్టర్ ఉంటే బ్యాటరీ కనెక్షన్ కూడా తీయించండి.

పూస గుండ్రంగా, నున్నగా ఉండి, దాని వెంటనే మామూలు వైరు మొదలైతే అది ఆర్కింగ్ (కరెంటు మెరుపులా దూకడం). వైరు బారునా సాగి, సన్నబడి, బొట్లుగా జారితే మంట వేడికి కరిగిందన్నమాట. రాగి 1085 డిగ్రీలకు గానీ కరగదు. (అల్యూమినియం 660కే కరుగుతుంది, దాన్ని బట్టి ఏమీ చెప్పలేం.)

అసలు చిక్కు ఇక్కడే. ఆర్కింగ్ పూస ఉందంటే మంట తగిలేసరికి ఆ వైరులో కరెంటు ఉందని మాత్రమే అర్థం. కప్‌బోర్డే ముందు అంటుకుని, వైరు మీది ఇన్సులేషన్ తొడుగు బొగ్గయి, ఫేజూ న్యూట్రలూ కలిసినా ఇవే పూసలు పడతాయి. ఒకే లైన్లో రెండు మూడు చోట్ల ఉంటే డీబీకి దూరంగా ఉన్నది సాధారణంగా ముందు పడ్డది. దగ్గరిది ముందే తెగితే అవతలికి కరెంటే పోదు కదా.

ఎంసీబీ ట్రిప్ అవడమూ సాక్ష్యం కాదు. డీబీకి సెగ తగిలినా పడిపోతుంది.

సర్క్యూట్32:
2.5 వైరుకు 32 ఎంసీబీ వేయడమే తప్పు. పైపులో ఆ వైరు మోసేది సుమారు 20 యాంప్స్. ఆ ఎంసీబీ 36 యాంప్స్ పోతున్నా గంటసేపు పడకుండా ఉండగలదు.

ఓవర్‌లోడ్ అయిందా అన్నది మంట చేరని చోటే తెలుస్తుంది. సర్వేయర్ ఎదుట, డీబీ వైపు పైపులోంచి అదే వైరు ఒక అడుగు లాగించండి. ఇన్సులేషన్ రాగిని ఆనుకున్న లోపలివైపు మాడి, వదులై గొట్టంలా జారుతుంటే ఓవర్‌లోడ్. అక్కడ వైరు కొత్తదానిలా ఉంటే ఆ మాట మర్చిపోవచ్చు. అయినా టన్నున్నర ఏసీ లాగేది 7, 8 యాంప్సే. ఆ లైన్ మీద గీజర్ గానీ ఉందా?

గోడపైపు:
లేదండీ, ఏసీ ఒక్కటే.

ఫేజ్‌టెస్టర్:
అయితే నా అనుమానం ప్లగ్గు మీదే. లూజ్ కాంటాక్ట్ అయితే కరెంటు మామూలుగానే పోతుంది, ఎంసీబీకి తెలిసేదేమీ ఉండదు, వేడి మాత్రం ఆ ఒక్క చోటే పుడుతుంది. మూడు పిన్నులూ చూడండి. ఒక్క పిన్నే గుంటలు పడి, రెండోది, ఎర్త్‌ది బాగుంటే లూజ్ కాంటాక్టే. మూడూ ఒకేలా మసిబారితే బయటి మంట. సాకెట్ ముందు ప్లేటు కంటే వెనక బాక్సు లోపల ఎక్కువ కాలినా అనుమానం సాకెట్ మీదికే పోతుంది. కప్‌బోర్డు వైపు లోతుగా కాలిందని మోసపోకండి, చెక్క ఉన్నచోట ఎక్కువే కాలుతుంది.

సర్క్యూట్32:
మసి తుడవకండి. పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి. సర్వేయర్ చూశాక ప్లగ్గు, సాకెట్, పూసలున్న వైరు ముక్కలు వేర్వేరు కాగితపు కవర్లలో పెట్టి, ఏది ఎక్కడిదో పైన రాయండి. ఎఫ్ఎస్ఎల్‌కు (ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబ్) పంపాలంటే మామూలుగా పోలీసుల ద్వారానో కోర్టు ద్వారానో వెళ్లాలి.