అప్‌డేట్: ఓక్ పార్క్‌లో హెమింగ్వే కాక ఇంకెవరున్నారు?

షికాగో పక్కనున్న ఓక్ పార్క్‌లో రచయిత హెమింగ్వే, ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ కాకుండా పేరున్నవాళ్లు ఇంకెవరని మొన్న అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. మెక్‌డొనాల్డ్స్‌ను దేశమంతా విస్తరించిన రే క్రాక్, నటి బెట్టీ వైట్ ఇక్కడే పుట్టారు.

కానీ నన్ను కదిలించిన పేరు పెర్సీ జూలియన్. ఈయన నల్లజాతి రసాయన శాస్త్రవేత్త. గ్లకోమా అనే కంటిజబ్బుకు అప్పట్లో వాడిన ఫైసోస్టిగ్మిన్ అనే మందును 1935లో ల్యాబ్‌లో తయారుచేశారు. తర్వాత సోయా నూనెలోని పదార్థాల నుంచి ప్రొజెస్టరాన్ లాంటి హార్మోన్లను పెద్ద ఎత్తున తయారుచేయగలిగారు. అంతటి మనిషి 1950లో ఇక్కడ ఇల్లు కొంటే, కుటుంబం దిగకముందే, నవంబర్‌లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ రోజున దాన్ని తగలబెట్టబోయారు! 1951 జూన్‌లో డైనమైట్ విసిరారు. అప్పుడు పిల్లలు ఇంట్లోనే ఉన్నారు. చదువుతుంటేనే నాకు టెన్షన్ వచ్చింది. జూలియన్ తన కొడుకును పక్కన పెట్టుకుని రాత్రుళ్లు కాపలా కాశారు తప్ప ఊరు వదల్లేదు. అండగా నిలిచిన ఇరుగుపొరుగూ ఉన్నారు, అది కూడా చెప్పాలి.

ఇళ్ల అమ్మకాల్లో, అద్దెల్లో జాతి వివక్షను నిషేధిస్తూ 1968లో ఓక్ పార్క్ చట్టం చేసింది. 1973లో జూలియన్ అమెరికాలోని పేరున్న శాస్త్రవేత్తల సంస్థ నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌కు ఎన్నికయ్యారు. ఇప్పుడు ఇక్కడో మిడిల్ స్కూల్‌కు ఆయన పేరే ఉంది.

రైట్ ఇల్లు, స్టూడియో చూడటానికి వచ్చేవాళ్లు ఈస్ట్ అవెన్యూ వైపు కూడా వెళ్లండి. జూలియన్ ఇల్లు మ్యూజియం కాదు, బయటి నుంచే చూడాలి.