అప్‌డేట్: రోలర్ కన్వేయర్ మీద అట్టపెట్టెలు ఆగిపోవడం, కారణం దొరికింది

గాజువాక ఆటోనగర్‌లో మా యూనిట్‌లో ప్యాకింగ్ టేబుల్ పక్కన వేయించిన గ్రావిటీ రోలర్ కన్వేయర్ (మోటారు లేకుండా, వాలుకి పెట్టెలు వాటంతటవే ముందుకు జారే రోలర్ల వరస) మీద చిన్న అట్టపెట్టెలు మధ్యలో ఆగిపోతున్నాయని పోయిన నెల అడిగాను కదా. తేలిపోయిందండి. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"ముందు రోలర్ల మధ్య దూరం కొలవండి" అన్నాయన మాటే నిజమైంది. ఫ్యాబ్రికేటర్ వచ్చి టేపు పెట్టి చూస్తే ఒక రోలర్ సెంటర్ నుంచి ఇంకోదానికి 100 మి.మీ. మా కొత్త పెట్టె పొడవు 250. పెట్టె కింద ఎప్పుడూ కనీసం మూడు రోలర్లు ఉండాలి, మాకు ఒక్కోసారి రెండే. దానికి తోడు వానాకాలం తేమకి అట్ట మెత్తబడి, అడుగు రోలర్ల సందులోకి దిగిపోతోంది. సైడ్ ఛానెల్‌కి (రోలర్లను రెండు పక్కలా పట్టుకునే పట్టీకి) కొత్త రంధ్రాలు వేయించి ఆ దూరాన్ని 75కి మార్చాం. వారమైంది, ఒక్కటీ ఆగలేదు.

వాలు పెంచడం దండగ. బరువు పెట్టెలు దూసుకొచ్చి చివర స్టాపర్‌ని గుద్దుకున్నాయి, తేలికవి ఆగినచోటే ఆగాయి. ఉప్పుగాలికి బేరింగులు పట్టేశాయన్న నా అనుమానమూ తప్పే. పైగా తెలివిగా గ్రీజు దట్టించానా, ఉన్నవి ఇంకా బిగుసుకున్నాయి. కిరోసిన్‌తో కడిగి, రెండు చుక్కలు పల్చటి నూనె వేశాక గానీ తేలిగ్గా తిరగలేదు.