అరిమత్సు షిబోరి మ్యూజియం: టికెట్ కొని చూడదగ్గదేనా?

నగోయా వాసి: ఆదివారం మెయితెత్సు రైలెక్కి అరిమత్సు వెళ్లొచ్చాం. 1608లో జపాన్ పాత రహదారి తొకైదో పక్కన వెలిసిన ఊరు. గుడ్డకు ముడులు కట్టి రంగులద్దే షిబోరి పనే బతుకుగా పెరిగింది. మ్యూజియంలో కింద షాపు, పైన పాత పనిముట్లు, నమూనాలు. ఇద్దరు అవ్వలు అక్కడే కూర్చుని ముడులు కడుతున్నారు. స్టాండుకున్న కొక్కేనికి గుడ్డ తగిలించి, చిటికెడు లాగి, దారం గిరగిరా చుట్టి బిగిస్తుంటే టక్కున చప్పుడు! కట్టు విప్పిన గుడ్డ ముడతలతో స్ప్రింగులా లేచి ఉంది. అచ్చం మన పోచంపల్లి చిటికీ (ఇక్కత్) పనే. నగోయాలోని తెలుగువాళ్లు తప్పక చూడాలి.

పోచంపల్లి బిడ్డ: అచ్చం కాదండీ. మా దగ్గర నేయకముందే నూలుకు కట్టు కట్టి అద్దుతారు. షిబోరి నేసిన గుడ్డ మీద చేసేది. మా పనికి జపాన్‌లో చుట్టం కసూరి.

నగోయా వాసి: కట్టిన చోట రంగెక్కదు. సూత్రం ఒకటే కదా.

పోచంపల్లి బిడ్డ: ఎట్లా ఒకటైతది? నూలు కాస్త జరిగినా మగ్గం మీద పువ్వు చెదురుతుంది. గుడ్డకు ఆ భయం లేదు.

బెజవాడ కుర్రాడు: పిల్లలతో రుమాలు కట్టిస్తారట, నిజమేనా?

నగోయా వాసి: అవును బ్రదర్, ముందే బుక్ చేసుకోవడం మంచిది.

నీలిమందు: అరిమత్సు ముడుల పనిలో చాలా భాగం కూలి గిట్టక గత శతాబ్దంలోనే కొరియాకు, చైనాకు పోయింది. ఆ ఇద్దరిని చూసి ఊరంతా అలాగే ఉందనుకోకండి.

నగోయా వాసి: ప్రతిదానికీ వంకేనా? అక్కడ వందకు పైగా రకాల ముడులు పుట్టాయి. ఒక్కొక్కరు ఒక్క రకంలోనే ఆరితేరుతారు. వాళ్లు చేతిపనిని చేతిలోనే ఉంచుకున్నారు. మనవాళ్లు ఆసుకు, అంటే కట్టు కట్టే ముందు నూలును మేకుల చుట్టూ పోసే పనికి, మెషీన్ పెట్టేశారు. అందుకే మన పనికి ఆ గౌరవం లేదు.

పోచంపల్లి బిడ్డ: ఈ మాట దగ్గర ఆగండి. మా అమ్మ ఇరవై ఏండ్లు ఆసు పోసింది. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. రోజుకు రెండు చీరలు. రాత్రికి భుజం లేవక, చెల్లె జడ నేనే వేసేవాణ్ని. 1999లో చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేసింది కూడా వాళ్లమ్మ నొప్పి చూడలేకనే. అది మా ఇంటికొచ్చిన రోజు అమ్మ దానికి బొట్టు పెట్టింది. చిటికీ కట్టేది ఇప్పటికీ చేత్తోనే. దానికీ మెషీన్ వస్తే ముందు సంతోషపడేది మేమే. గౌరవం కోసం మా భుజాలు పోవాల్నా?

నగోయా వాసి: అమ్మగారి సంగతి తెలియక అన్నాను, క్షమించండి. కానీ అందరూ మెషీన్ పెట్టుకుంటే ఆ పని తెలిసిన చెయ్యి మిగలదు. నా బాధ అది.

నీలిమందు: చెయ్యి మిగలాలంటే కూలి పెరగాలి సార్.

పోచంపల్లి బిడ్డ: చేతులు నొప్పెడతాయా అని ఆ అవ్వను అడిగారా?

నగోయా వాసి: లేదండీ. తీసిన ఫొటోలన్నీ గుడ్డలవే. వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాం, అడుగుతాను. మెషీన్ విషయంలో మాత్రం నా మాట మారదు.