టి.నగర్‌లో 1930ల నాటి ఇల్లు: కింద నిజంగా చెరువు ఉండేదా?

ప్రశ్న: చెన్నై టి.నగర్‌లో (త్యాగరాయ నగర్) పాత మద్రాసు టెర్రస్ ఇల్లు, అంటే టేకు దంతెల మీద ఇటుక, సున్నంతో కప్పు వేసిన ఇల్లు ఒకటి అమ్మకానికి వచ్చింది. అది చెరువు స్థలమనీ, వానకు నీళ్ళు నిలుస్తాయనీ అంటున్నారు. ఆ పేట ఎలా ఏర్పడింది? కొనేముందు ఏం చూసుకోవాలి? పైకప్పు పడగొట్టక తప్పదా?

జవాబు 1: చెరువు మాట నిజమే. నుంగంబాకం నుంచి దక్షిణంగా సాగే ఆ నీటిని పాత పటాల్లో 'లాంగ్ ట్యాంక్' అని రాసేవారు. ఊరు పడమటికి పెరగడానికి అదే అడ్డం. 1920లో మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం వచ్చాక, 1923లో నీళ్ళు తీసేసి, ఈ పేటను కట్టే మాంబళం పథకం మొదలుపెట్టారు. అప్పటి ప్రభుత్వాధినేత పానగల్ రాజా, అంటే మన కాళహస్తిలో పుట్టిన పానగంటి రామరాయణింగారు. పేటకు పేరైన పిట్టి త్యాగరాయ చెట్టి గారూ తెలుగువారే. పానగల్ పార్కును నడుమ ఉంచి ఉస్మాన్ రోడ్డు, జి.ఎన్. చెట్టి రోడ్డు, వెంకటనారాయణ రోడ్డు అన్నీ అక్కణ్ణుంచి విడిపోయేలా గీశారు. వీధి పేర్లు చదివితే చాలు, అప్పట్లో మద్రాసును ఏలిన జస్టిస్ పార్టీ పెద్దల జాబితా సగం తెలిసిపోతుంది. అది ఇళ్ళ కోసం వేసిన పేట. ఇప్పుడున్నంత వ్యాపారాన్ని మోయడానికి వేసింది కాదు.

జవాబు 2: వరద గురించి. ఆ పల్లపు నీరంతా మాంబళం కాలవలో పడి, నందనం దగ్గర అడయారు నదిలో కలవాలి. నదిలో మట్టం పెరిగితే కాలవ నీరు వెనక్కి తంతుంది. దానికి తోడు, పాత తారు చెక్కకుండా దానిమీదే మళ్ళీ మళ్ళీ రోడ్డు వేయడంతో ఇళ్ళు రోడ్డు కన్నా పల్లంలో పడ్డాయి. రోడ్డు నడిమి నుంచి ఇంటి గచ్చు ఎంత ఎత్తుందో ట్యూబ్ లెవెల్‌తో (నీళ్ళు నింపిన గొట్టంతో మట్టం చూసే పద్ధతి) కొలవండి. ప్రహరీ లోపలి వైపు నీటి చార ఎంతవరకు ఉందో చూడండి, కొత్త సున్నం వేసి ఉంటే పక్కింటి గోడ చూడండి. మళ్ళీ కట్టే ఆలోచన ఉంటే బోరు వేయించి మట్టి పరీక్ష చేయించకుండా పునాది లోతు నిర్ణయించొద్దు.

జవాబు 3: పైకప్పు పడగొట్టడానికి తొందరపడకండి. టేకు దంతెల మీద సన్నటి ఇటుకలు సున్నంలో ఐమూలగా నిలువుగా పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు పోసి, కరక్కాయ, బెల్లం నీళ్ళు చల్లుతూ దిమ్మిసతో కొట్టిన కప్పు అది. చెడేది సాధారణంగా దంతె గోడలోకి దూరే చివర. అక్కడ స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి, మెత్తగా దిగితే ఆ దంతె మార్చాలి. కారుతోందని పైన సిమెంటు పూత వేసి ఉంటే అదే అసలు జబ్బు. సిమెంటు బీటల్లోంచి దిగిన నీరు ఆరే దారిలేక దంతెను కుళ్ళబెడుతుంది. ఆ పూత చెక్కించి, మళ్ళీ సున్నం, సుర్కీతోనే (ఇటుక పొడి) వేయించండి. నీళ్ళు తూముకు జారేలా వాలు సరిచేయించండి. పైన ఇంకో అంతస్తు మాత్రం వేయొద్దు, ఆ గోడలు దానికోసం కట్టినవి కావు.